మేజోళ్ల రంగు అడిగే ప్రశ్న

బాలే నర్తకి మేజోళ్ల గులాబీ రంగు కేవలం అలంకారమని చాలాకాలం అనుకున్నాను. అది తెల్లజాతి చర్మానికి దగ్గరగా ఉండే రంగు. నడుము నుంచి కాలి కొస దాకా దేహరేఖ తెగకుండా కనిపించడానికి ఎంచుకున్నది. నల్లని దేహం మీద అదే రంగు ఆ రేఖను తెంచేస్తుంది. అంటే 'శాస్త్రీయం' అనే మాటలోనే ఒక జాతి చర్మం దాగి ఉంది.

ఆ రంగును మార్చిన గురువు ఆర్థర్ మిచెల్. 1934లో న్యూయార్క్‌లోని హార్లెంలో పుట్టిన ఆయన 1955లో న్యూయార్క్ సిటీ బాలేలో చేరారు. 1957లో జార్జ్ బాలంచిన్ తన 'అగాన్'లో ఆయనను తెల్లజాతి నర్తకి డయానా ఆడమ్స్ సరసన నిలిపారు. ఆ యుగళ నృత్యం 1968 దాకా అమెరికా వాణిజ్య టెలివిజన్‌కు ఎక్కలేదు.

1968 ఏప్రిల్‌లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య మిచెల్‌ను తిరిగి హార్లెంకు నడిపించింది. మరుసటి ఏడాది తన గురువు కారెల్ షుక్‌తో కలిసి డాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెం స్థాపించారు. 30 మందితో మొదలైన తరగతి కొద్ది నెలల్లోనే 400కు చేరింది. పాఠాలు ఒక గ్యారేజీలో జరిగేవి. దారిన పోయేవారు చూడాలని తలుపులు తెరిచే ఉంచేవారు. మేజోళ్లకు సిగ్గుపడే మగపిల్లలను కత్తిరించిన జీన్స్‌తోనే రానిచ్చారు. శిక్షణలో మాత్రం సడలింపు లేదు. తర్వాత మేజోళ్లూ పాదరక్షలూ ఎవరి చర్మానికి తగిన రంగులో వారికి వచ్చాయి.

1984లో ఆయన బృందం 'జిసెల్' కథను లూసియానాలోని స్వేచ్ఛ పొందిన నల్లవారి మధ్యకు తెచ్చింది. అక్కడ బానిసత్వానికి ఎన్ని తరాలు దూరమైతే కుటుంబానికి అంత గౌరవం. పీడితుల్లోనూ మెట్లు ఉంటాయన్న ఆ సత్యం మనకు కొత్తది కాదు.

మన అనుభవం వేరు. మిచెల్ తమవారికి మూసిన తలుపు తెరిచారు. ఇక్కడ కళావంతుల స్త్రీలను తాము కాపాడిన కళ నుంచే వెలివేశాం. దేవదాసీ వ్యవస్థను 1947లో మద్రాసు శాసనం నిషేధించింది. అది అవసరమే. అయితే దోపిడీతో పాటు వారి విద్యకూ, వేదికకూ కళంకం అంటగట్టాం. అదే కాలంలో శాస్త్రీయ నృత్యం పై కులాల ఇళ్లలో గౌరవప్రదమైన చదువైంది.

అప్పుల వల్ల 2004లో హార్లెం బృందం ప్రదర్శనలు ఆగి, 2012లో మళ్లీ మొదలయ్యాయి. పాఠశాల మాత్రం నడుస్తూనే ఉంది. మిచెల్ 2018లో కన్నుమూశారు. ఆయన మిగిల్చింది ప్రదర్శనల కన్నా ఎక్కువగా గురువులను. మన నృత్య కళాశాలల్లో ఎవరు నేర్చుకుంటున్నారని అడుగుతాం. బోధించే పీఠం మీద ఎవరున్నారని, వేదిక కోల్పోయిన కుటుంబాల బిడ్డలు అక్కడ ఎందరని కూడా అడగాలి.