ఒకే ఇంట్లో ఉత్తరాలు

1926 నవంబరు 24 తర్వాత యోగి శ్రీఅరవిందులు తన ఆశ్రమంలో ఏకాంతంలోకి వెళ్లిపోయారు. ఆయన కోసం ఇల్లూవాకిలీ వదిలి పుదుచ్చేరి వచ్చినవాళ్లకూ ఆయన గదికీ మధ్య ఉన్నది కొన్ని మెట్లే. అయినా ఆయన్ని చూడాలంటే దర్శనం రోజు రావాల్సిందే. అవి ఏడాదికి మొదట మూడు, తర్వాత నాలుగు. ఆ రోజున వరసలో నడిచి, దగ్గరకొచ్చి, నమస్కరించి కదిలిపోవాలి. మాటల్లేవు.

మాటలన్నీ కాగితం మీదే. సాధకులు తమ సంగతులు నోటుపుస్తకాల్లో, చీటీల్లో రాసి పైకి పంపేవారు. ఆయన రాత్రంతా కూర్చుని జవాబులు రాసేవారు. తెల్లవారాక నళినీకాంత గుప్తా వాటిని పంచేవారు. 1930ల్లో ఈ ఉత్తరాలు ఎంత పెరిగాయంటే, ఆయనకు మరో పనికి సమయం చిక్కడం కష్టమైంది. అందులో యోగం ఒక్కటే ఉండేదనుకుంటే పొరపాటు. ఒంట్లో బాగోకపోవడం, తోటివారితో తగాదా, కవిత్వం కుదరకపోవడం, కారణం తెలియని దిగులు, అన్నీ ఉండేవి. బెంగాలీ గాయకుడు దిలీప్ కుమార్ రాయ్‌కి నిరాశ ఆవరించినప్పుడల్లా ఓపిగ్గా ఉత్తరం వచ్చేది. ఎడిన్‌బరోలో వైద్యం చదివిన నీరద్‌బరన్‌కి వచ్చే జవాబుల్లో వేళాకోళం ఎక్కువ. లోకం గంభీరుడనుకున్న మనిషి ఆ కాగితాల్లో హాయిగా నవ్వుతారు.

ఉత్తరం అందినా చేతి స్పర్శ కోసం తపన మాత్రం పోలేదు. అది ఆశ్రమాన్ని నడిపే శ్రీమాత దగ్గర దొరికేది. పొద్దున ప్రణామానికి ఒక్కొక్కరే వెళ్తే ఆమె తల మీద చెయ్యి పెట్టి, ఓ పువ్వు ఇచ్చేవారు. కొన్ని క్షణాలే. కానీ ఆ క్షణాల లెక్క మాత్రం చాలా పెద్దది. ఇవాళ మాత నావైపు చూసి నవ్వలేదు, ఫలానా వారి తల మీద ఎక్కువసేపు చెయ్యి ఉంచారు అంటూ శ్రీఅరవిందులకు ఫిర్యాదులు వెళ్లేవి! అదంతా మీ ఊహేనని ఆయన మళ్లీ మళ్లీ రాయాల్సి వచ్చేది.

చేతికి ఇంత శక్తి ఎక్కడిదో ఇప్పుడు కొంత తెలుస్తోంది. వెంట్రుకలుండే చర్మంలో నెమ్మదైన నిమురుడుకే బాగా స్పందించే నాడీతంతువులున్నాయి. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల వేగం వాటికి ఇష్టం. తల్లి బిడ్డను జోకొట్టాక వీపు నిమిరే వేగం దాదాపు అదే. అమెరికాలో జేమ్స్ కోన్ బృందం 2006లో ఓ పరిశోధన ప్రచురించింది. చిన్న షాక్ తగులుతుందని ఎదురుచూస్తున్న భార్య చేతిని భర్త పట్టుకుంటే, ఆమె మెదడులో బెదురు తగ్గింది. పరాయి మనిషి పట్టుకున్నా కాస్త తగ్గింది.

మరి దూరాన ఉన్నవాళ్ల మాట? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో లెస్లీ సెల్ట్‌జర్ 7 నుంచి 12 ఏళ్ల ఆడపిల్లల చేత కొత్తవాళ్ల ముందు ప్రసంగం చేయించి, లెక్కలు కట్టించి, వాళ్లను కంగారు పెట్టారు. తర్వాత కొందరిని తల్లి దగ్గరకు తీసుకుంది, కొందరితో ఫోన్లో మాట్లాడింది. ఊరట కలిగించే ఆక్సిటోసిన్ రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా పెరిగింది. 2012లో ప్రచురించిన మరో ప్రయోగంలో తల్లి చేత సందేశాలు టైపు చేయిస్తే ఆ ఫలితం రాలేదు.

అంటే ఆశ్రమం ఉత్తరాలు దండగేనా? అలా అనుకోనక్కర్లేదు. ఆ ప్రయోగం కొలిచింది కంగారుపడ్డ పిల్లల్లో కాసేపటి మార్పుని. తనకోసం ఒకరు రాత్రి మేలుకుని రాశారన్న సంగతి ఏం చేస్తుందో అది కొలవలేదు.

1938 నవంబరులో శ్రీఅరవిందుల కాలి ఎముక విరిగాక ఉత్తరాలు దాదాపు ఆగిపోయాయి. అప్పుడు ఆయనకు సేవ చెయ్యడానికి గదిలోకి వెళ్లినవారిలో నీరద్‌బరన్ ఒకరు. ఏళ్లపాటు కాగితం మీద పలకరించుకున్న మనిషి పక్కనే, ఆయన కన్నుమూసిన 1950 డిసెంబరు దాకా నీరద్‌బరన్ ఉండిపోయారు.

స్పర్శ కోసం తపన ఆశ్రమం బయటా ఉండేది. దగ్గర్లోనే మనకుళ వినాయకుడి గుడి. అక్కడి ఏనుగు లక్ష్మి తొండం తల మీద ఆనించి దీవించేది. అందుకోసమే ఆగే జనం ఎంతోమంది. 2022 నవంబరు 30న పొద్దుటి నడకలో అది కుప్పకూలి చనిపోతే ఊరు ఊరంతా కదిలింది, జనం ఏడుస్తూ వెంట నడిచారు.

ఇదే పుదుచ్చేరికి, దాని పాలనలోనే ఉన్న యానాం నుంచి తెలుగువాళ్లు సచివాలయం పనికీ, విశ్వవిద్యాలయంలో చదువుకీ, జిప్మర్‌లో వైద్యానికీ వస్తారు. ఇంటికీ ఇక్కడికీ 800 కిలోమీటర్లకు పైమాటే. చుట్టూ తమిళం. సెలవు దొరికేదాకా వాళ్లకు మిగిలేది ఫోనే. సెల్ట్‌జర్ లెక్క ప్రకారమైతే బొమ్మలూ ‘తిన్నావా’ సందేశాలూ పదిసార్లు పంపేకన్నా, ఒక్కసారి అమ్మ గొంతు వినడం మేలు. ఇంట్లోవాళ్లకు చెప్పుకోలేని దిగులుంటే 14416 ఉంది. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్ నంబరది. పగలైనా రాత్రైనా డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు.