ఆయిల్ ఇంజను పరిణామం – శివారు రైతుకు పాఠం

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినా, దాళ్వాలో కాలువ నీరు తగ్గినప్పుడు కోనసీమ శివారు రైతు నేటికీ డీజిల్ ఇంజనుతో నీరు తోడుకోవలసి వస్తోంది. ఆ ఇంజను మూలాలు విక్టోరియా కాలం నాటివి.

1876లో జర్మనీలో ఆటో రూపొందించిన నాలుగు స్ట్రోకుల గ్యాస్ ఇంజను, ఇంధన మిశ్రమాన్ని వెలిగించే ముందే సిలిండరులో సంపీడనం చెందించి ఇంధనాన్ని ఆదా చేసింది. అయితే గొట్టాల ద్వారా గ్యాస్ అందని పల్లెలకు అది ఉపకరించలేదు. 1890లో అక్రాయిడ్ స్టువర్ట్ పేటెంటు పొందిన ఇంజనులో నూనెను వేడి గదిలోకి చిమ్మి మండించేవారు. ఇంగ్లండులోని హార్న్స్‌బీ సంస్థ దానిని తయారుచేసింది. గ్యాస్ గొట్టంతో పని లేకపోయినా, నడపడానికి ముందు ఆ గదిని దీపంతో వేడిచేయవలసి వచ్చేది. 1897లో పరీక్షించిన రుడాల్ఫ్ డీజిల్ ఇంజనులో ఆ అవసరమూ తీరింది. గాలిని తీవ్రంగా సంపీడనం చేసినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండింది. ఇంధన శక్తిలో సుమారు 26 శాతం పనిగా మారింది.

మెకానిక్కులు కంప్రెషన్ అనేది ఈ సంపీడనమునే. పిస్టన్ రింగులు అరిగినా, వాల్వులు సరిగా మూసుకోకపోయినా అది తగ్గుతుంది. ఇంజను మొరాయిస్తుంది, డీజిల్ పూర్తిగా మండక పొగగా పోతుంది. అందువల్ల నాట్లకు ముందే వీటిని తనిఖీ చేయించుకోవడం రైతుకు లాభదాయకం. చివరి తడి వేళ ఇంజను ఆగితే, నష్టపోయేది పొట్టదశలోని పైరే.