రాసిందెవరో వెతకొద్దు

చెన్నై నుంచి అండమాన్‌కు సముద్రం అడుగున వేసిన దాదాపు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ద్వీపాల్లో ఇంటర్నెట్‌కు ఉపగ్రహమే దిక్కు, వేగం అంతంతమాత్రం. కేబుల్ వచ్చాక హోటళ్లకు బుకింగులు సులువయ్యాయి. అదే హోటల్లో వంటగిన్నెలు కడిగే కుర్రాడికి జీతం ఆలస్యమైతే ఆ సంగతి ఫోన్లో రాయడమూ సులువైంది. గ్లాస్‌డోర్, ఆంబిషన్‌బాక్స్ లాంటి సైట్లలో పేరు బయటపెట్టకుండానే రాయొచ్చు. యజమాని దాని కిందే జవాబివ్వొచ్చు.

2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లేవాళ్లకు అక్కడ ఉద్యోగం గురించిన కబురు ఏ మేనమామ ద్వారానో తెలిసేది. ఇప్పుడూ తెలుస్తుంది గానీ, విశాఖలో ఓడ ఎక్కేముందు ఫోన్లో కూడా ఓసారి చూసుకోవచ్చు. యజమాని రాసే జవాబును నిజానికి చదివేది ఇలా ఓడ ఎక్కబోయేవాడే. ఫిర్యాదు చేసినవాడు ఈపాటికి ఇంకో ఉద్యోగంలో కుదిరి ఉంటాడు.

చెడ్డ రివ్యూ కనపడగానే యజమాని నోట వచ్చే మొదటి మాట: ‘‘ఎవడు రాశాడిది?’’ వేలమంది పనిచేసే హైదరాబాద్ కంపెనీలో ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హేవ్‌లాక్‌లో, ఇరవై మంది పనిచేసే రిసార్టు సంగతి వేరు. ‘వంటగదిలో ఆరు నెలలు చేశాను’ అన్న ఒక్క ముక్కతో మనిషెవరో అందరికీ తెలిసిపోతుంది. అక్కడ పేరు దాచుకోవడం పేరుకే. కాబట్టి ‘‘మీరు మార్చిలో గొడవపడి వెళ్లారు కదా’’ అని జవాబు రాయడమంటే, పక్క రిసార్టు యజమానికి అతన్ని పట్టించడమే. రాసింది ఎవరో తెలిసినా తెలియనట్టే ఉండాలి. ఇంకా అక్కడే పనిచేస్తుంటే మరీ ముఖ్యం.

ఇక ఏం రాయాలి? ‘‘మా సంస్థ ఒక కుటుంబం, మీ అభిప్రాయానికి ధన్యవాదాలు’’ అనే అచ్చు జవాబుకన్నా మౌనమే నయం. ఓవర్‌టైం ఇవ్వలేదన్నది ఆరోపణ అనుకుందాం. అది నిజమైతే ఒప్పుకుని, ఏ నెల నుంచి లెక్క ఎలా మారిందో రాయాలి. అబద్ధమైతే ఓవర్‌టైం ఎలా లెక్కిస్తారో, ఏ తేదీన చెల్లిస్తారో చెప్పి ఊరుకోవాలి. నాలుగు వాక్యాలు చాలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఓవర్‌టైంకు మామూలు రేటుకు కనీసం రెట్టింపు ఇవ్వాలి. మానేసినవారి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. ఈ రెండూ పాటించని హోటలు ఎంత తియ్యగా జవాబు రాసినా తేలిపోతుంది.

లైంగిక వేధింపుల ఆరోపణ వస్తే అక్కడ వాదనకు దిగకూడదు. పదిమంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీని ఎలా కలవాలో రాయాలి. అంతకంటే ముందు అసలు కమిటీ ఉందో లేదో చూసుకోవాలి.

గూగుల్ మ్యాప్స్‌లో ఉద్యోగి రాసిన రివ్యూను తీసేయమని అడగొచ్చు. తాము పనిచేసిన చోటు గురించి అక్కడ రివ్యూ పెట్టడం గూగుల్ నియమాలకు విరుద్ధం. రివ్యూ పోయినా బాకీ పోదు, అది వేరే విషయం. పరువునష్టం నోటీసు పంపుతామనే యజమానులూ ఉంటారు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉన్నమాట నిజమే. ప్రజల మేలు కోరి చెప్పిన నిజానికి అది వర్తించదన్న మినహాయింపు కూడా అందులోనే ఉంది. పచ్చి అబద్ధంతో గట్టి నష్టం జరిగితే తప్ప ఆ దారి దండగ. ఉన్న సిబ్బంది చేత బలవంతంగా అయిదు నక్షత్రాలు పెట్టించడం అంతకంటే సిగ్గుచేటు. ఒకే వారంలో పడ్డ పది పొగడ్తలను చదివేవాడు ఇట్టే పసిగడతాడు.

అక్టోబరులో పర్యాటక సీజను మొదలయ్యేలోగా కొత్తవాళ్లను పనిలోకి తీసుకునే యజమానులకు ఒక్క మాట. పాత రివ్యూలకు జవాబు రాయడం ఆ వేటకు ముందే పూర్తిచేయండి. ఎవరి జీతమైనా బాకీ ఉంటే, ముందు అది చెల్లించి ఆ తర్వాత రాయండి.