చినిగిన నోటు విలువ ఎంత?

చొక్కా జేబులో మరచిపోయిన అయిదువందల నోటు ఉతుకుడులో నలిగినను, ఆరవేసినచో మరల చెల్లును. దాని ప్రక్కనున్న బస్సు టిక్కెట్టు మాత్రము ముద్దయిపోవును. రెండును కాగితములే గదా, ఈ భేదమెందుకు?

సామాన్యమైన కాగితమును కొయ్యగుజ్జుతో చేయుదురు. భారతదేశపు నోట్ల కాగితము ప్రత్తినారతో తయారగును. ప్రత్తినార దాదాపు శుద్ధమైన సెల్యులోజు; కొయ్యనారకంటె పొడవైనది. నారల నడుమనుండు హైడ్రోజను బంధములే కాగితమునకు బలము. నీరు చొరబడినపుడు ఈ బంధములు సడలును. అందుచే నోటు కాగితములో నీటికి కరగని రెజినును కలిపి, పైన బంకపూత పూయుదురు. అమెరికా డాలరు నోటులో నూటికి 75 పాళ్లు ప్రత్తి, 25 పాళ్లు అవిసెనార. జపానువారు మిత్సుమాత అను పొద బెరడునారను, అరటిజాతికి చెందిన అబాకా నారను వాడుదురు. ఆస్ట్రేలియావారు 1988లో పాలీప్రొపిలీను అను ప్లాస్టిక్ రేకుపై నోటును అచ్చువేసిరి. 1996 నాటికి అక్కడ కాగితపు నోట్ల ముద్రణయే నిలిచిపోయినది. ఈ నోటు నీటిని పీల్చదు, చేతితో చింపుట కష్టము. కాని అంచున చిన్న గంటు పడెనా, చీలిక సర్రున సాగిపోవును. ఇస్త్రీపెట్టె వేడికి ముడుచుకొనిపోవును కూడ.

కాగితపు నోటు చినుగగనే చాలమంది సెల్లోటేపు అతికింతురు. ఇది మరమ్మతు కాదు, మరియొక గాయము. టేపు జిగురు నారలలోనికి ఇంకి పసుపుబారును. ఊడదీసినచో నారలతోపాటు అచ్చును లేచివచ్చును. నోటు రెండు ముక్కలైనను దిగులు వలదు. రెండును ఒకే నోటివై, ఏ భాగమును పోకున్నచో బ్యాంకులో పూర్తి విలువ నిత్తురు. సంతలో కమీషను ఇచ్చి మార్చుకొను బీదవారికి ఈ సంగతి తెలియదు. బ్యాంకులో ఖాతా లేనివారును నోటు మార్చుకొనవచ్చును.

భాగము పోయినను, ముక్కలు రెండుకు మించినను కొలత వచ్చును. 2018లో సవరించిన రిజర్వు బ్యాంకు నియమముల ప్రకారము, 50 రూపాయలు, అంతకు పైబడిన నోట్లలో అన్నిటికంటె పెద్ద ముక్క వైశాల్యము నూటికి 80 పాళ్లు మించినచో పూర్తి విలువ. 40 నుండి 80 వరకు సగము. అంతకు తగ్గిన ఏమియు రాదు. ఇప్పటి అయిదువందల నోటు 15 సెంటీమీటర్ల పొడవు, 6.6 వెడల్పు, అనగా 99 చదరపు సెంటీమీటర్లు. గ్రాఫు కాగితముపై ముక్కనుంచి గడులు లెక్కించినచో ఉన్నత పాఠశాల విద్యార్థియే దాని విలువ తేల్చగలడు. 20 రూపాయలు, అంతకు లోపు నోట్లకు సగభాగము మించి ఉన్న చాలును. జపానులో మూడింట రెండు పాళ్లున్న పూర్తి విలువ, అయిదింట రెండు పాళ్లున్న సగము. యూరో నోటుకు సగము మించవలెను. మిగిలినది నశించెనని రుజువు చూపినచో అంతకు తక్కువైనను ఇత్తురు.

కట్టలకు కట్టలు తడిసినపుడు కష్టము హెచ్చు. 2021 జులైలో జర్మనీలో వరదలు వచ్చినపుడు బురదపట్టిన నోట్లు అయిదుకోట్ల యూరోలకు పైగా ఆ దేశపు కేంద్రబ్యాంకునకు చేరినవి. తడికట్ట అట్లే ఎండినచో గట్టిపడి రాతిబిళ్లవలె నగును. కాలినకట్టలో లోపలి నోట్లకు గాలి చాలదు గనుక బూడిద కాక బొగ్గువలె మిగులును. నేర్పరులు వాటిని గుర్తింపగలరు. అందుకే అమెరికాలో కాలిన నోట్లు పెట్టెలోనో సంచిలోనో ఉన్నచో, కదలింపక అట్లే పంపుమందురు. మన ప్రాంతమున పెళుసుబారిన, విడదీయరాని నోట్లను బ్యాంకు శాఖలు తీసికొనవు. వాటిని హైదరాబాదులోని రిజర్వు బ్యాంకు ఇష్యూ కార్యాలయమునకు చేర్చవలెను.