వెడల్పు టైరు - తగిన రిమ్ము

పంట పండించుట ఎంత ముఖ్యమో, పండిన పంటను క్షేమముగా గమ్యము చేర్చుట అంత ముఖ్యము. ఒకప్పుడు ఊరుగా నుండి నేడు ఖమ్మం నగరములో కలిసిపోయిన ఖానాపురం హవేలి పరిసరముల రైతులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఖమ్మం మార్కెట్టుకు మిరప, ప్రత్తి. భద్రాచలం వైపు సారపాక కాగితపు మిల్లుకు జామాయిల్, సుబాబుల్ కర్ర - అంతయు టైర్ల మీదనే నడచును. బరువు హెచ్చినకొలది "కాస్త వెడల్పు టైరు వేయించిన ఆగును గదా" యని మీకు తోచుట సహజము. ఆ ఆలోచన తప్పు కాదు. కాని టైరును మాత్రము మార్చి పాత రిమ్మునే ఉంచినచో లాభము రాకపోగా, ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కూడ కలుగును.

టైరు మీది అంకెలు

టైరు ప్రక్కన 9.00-20 అని యుండును. మొదటి అంకె, తగిన రిమ్ము మీద గాలి నింపినప్పుడు టైరునకు ఉండు వెడల్పు. రెండవది రిమ్ము అడ్డుకొలత. రెండును అంగుళములే. చాలమంది రెండవ అంకె సరిపోయిన చాలునందురు. అది పొరపాటు. 20 అంగుళముల రిమ్ములన్నియు ఒకే వెడల్పుతో ఉండవు.

రిమ్ము వెడల్పును కొలుచుటకు టేపును రెండు అంచుల లోపలి ముఖముల నడుమ పట్టవలెను. వెలుపలి నుండి వెలుపలికి కొలిచినచో అంచుల మందము కలిసి కొలత ఎక్కువగా కనబడును. రిమ్ము మీద అచ్చు వేసిన గుర్తు చెరిగిపోక యున్నచో దానినే నమ్ముడు.

ఏ టైరుకు ఏ రిమ్ము

లారీ టైర్లు: 8.25-20 టైరుకు 6.5 అంగుళముల రిమ్ము, 9.00-20 కి 7.0, 10.00-20 కి 7.5, 11.00-20 కి 8.0.

ట్రాక్టరు వెనుక టైర్లు: 12.4-28 టైరుకు డబ్ల్యూ 11 రిమ్ము, 13.6-28 కి డబ్ల్యూ 12, 14.9-28 కి డబ్ల్యూ 13, 16.9-28 కి డబ్ల్యూ 15 ఎల్.

ఈ పట్టికను కొంచెము పరిశీలించుడు. లారీ రిమ్ము, టైరు వెడల్పులో ఇంచుమించు నాలుగింట మూడు వంతులున్నది. ట్రాక్టరు వెనుక రిమ్ము పదింట తొమ్మిది వంతులకు దగ్గరగా నున్నది. కావున ఒకదాని లెక్క మరియొకదానికి పనికిరాదు. అంతేకాదు, 7.50-16 అను ఒకే కొలత లారీ తరహా టైరయినచో 6.00 జి రిమ్మును, ట్రాక్టరు ముందు టైరయినచో 5.50 ఎఫ్ రిమ్మును కోరును. అంకెలు ఒకటే అయినను టైర్ల నిర్మాణము వేరు.

కొన్ని టైర్లకు ఒక మెట్టు తక్కువ రిమ్మును కూడ అనుమతింతురు. ఉదాహరణకు 14.9-28 టైరును డబ్ల్యూ 12 మీద వేయవచ్చును. కనుక 13.6 నుండి 14.9 కు మారువారికి కొత్త రిమ్ము తప్పనిసరి కాకపోవచ్చును. అదే రిమ్ము మీద 16.9 వేయుట మాత్రము తగదు. టైరు తయారీదారుల పట్టికలో లేని జతను దుకాణదారుడు "సరిపోవును" అన్నంత మాత్రాన అంగీకరింపకుడు.

తగని జత వలన కలుగు నష్టములు

వెడల్పు పాదమును ఇరుకు చెప్పులో దూర్చినట్లు, వెడల్పు టైరును ఇరుకు రిమ్ములో బిగించినచో దాని అడుగులు రెండును లోనికి నొక్కుకొనును. నేలను తాకు భాగము నడుమ ఉబ్బి, అక్కడనే త్వరగా అరుగును. మీరు డబ్బు పెట్టి కొనిన వెడల్పు నేలకు ఆనదు. ప్రక్కలు ఉబ్బి వేడెక్కును. మలుపులలో బండి ఊగును. టైరు అంచు రిమ్ముతో రాచుకొని తెగును.

రిమ్ము మరీ వెడల్పయినను కష్టమే. టైరు ప్రక్కలు సాగిపోయి, అంచులు త్వరగా అరుగును. గతుకులలోని రాయి నేరుగా రిమ్మును కొట్టును.

దీనిని తెలిసికొనుటకు సులభమైన పరీక్ష కలదు. గాలి సరిగా నింపి, టైరు ముఖము మీద అడ్డముగా సుద్దగీత గీసి, గట్టి నేల మీద కొద్ది దూరము బండిని నడుపుడు. గీత అంతట సమానముగా చెరిగిన మంచిది. నడుమనే చెరిగినచో గాలి ఎక్కువగానైన ఉన్నది, రిమ్ము ఇరుకైనది గానైన ఉన్నది. గాలి సరిచేసినను మారనిచో లోపము రిమ్ములోనిదని అనుమానింపవలెను.

మరి నాలుగు సంగతులు

1. జంట చక్రములున్న చోట వెడల్పు టైర్లు వేసినచో వాని నడుమ ఖాళీ తగ్గును. బరువు పడినప్పుడు రెండును ఒరసికొని కాలిపోవును. ఖాళీని కొలిచిన తరువాతనే మార్చుడు.

2. నాలుగు చక్రములు లాగు ట్రాక్టరులో వెనుక టైర్లను మాత్రము పెద్దవి చేయరాదు. ముందు వెనుకల లెక్క తప్పి గేర్లు చెడును.

3. టైరు పెద్దదైనంత మాత్రాన ట్రాలీ ఇరుసు, బేరింగులు బలపడవు. బరువును బలహీనమైన భాగమును బట్టి నిర్ణయింపవలెను.

4. ట్యూబు, ఫ్లాపు కూడ కొత్త కొలతకు తగినవి కావలెను. పాత ఫ్లాపు ముడతపడి ట్యూబును కోయును. లారీ టైర్లకు 2009 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారము ఐ.ఎస్.ఐ. గుర్తు ఉండవలెను, చూచి కొనుడు.

ప్రాణరక్షణ

లాక్ రింగు గల రిమ్ము నిండుగా గాలి యున్నప్పుడు పేలుడు పదార్థము వంటిది. రింగు సరిగా కూర్చోనిచో ఎగిరి మనిషిని చంపగలదు. విప్పుటకు ముందు వాల్వు పుల్ల తీసి గాలి పూర్తిగా వదలవలెను. గాలి నింపునప్పుడు చక్రమును ఇనుప బోనులో నుంచవలెను. ఎదురుగా నిలువరాదు, పిల్లలను దగ్గరకు రానీయరాదు. టైరుండగా రిమ్మును వెల్డింగు చేయుట ఎన్నడును కూడదు. 22.5 అంగుళముల ట్యూబులేని టైరును 20 అంగుళముల రిమ్ము మీద, 16 టైరును 16.5 రిమ్ము మీద ఎక్కించు ప్రయత్నము ప్రమాదకరము.

గ్రామ కార్యదర్శులు, వ్యవసాయ విస్తరణాధికారులు కోతలకు ముందు రైతు వేదికలో ఒక పూట ఈ సంగతి చర్చించి, పై పట్టికను గోడకు అంటించినచో ఊరికంతకు మేలు కలుగును. మీరు కూడ ఈ వారమే మీ ట్రాలీ రిమ్ముల మీది అంకెలను చదివి, కాగితము మీద వ్రాసి ఉంచుకొనుడు. టైరు కొనబోవునప్పుడు ఆ కాగితము జేబులో నున్నచో దుకాణములో మోసపోరు, త్రోవలో ఆగిపోరు.