ఎండిన అడవిలో మోదుగ పూత

ఫాల్గుణం వచ్చేసరికి ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో అడవి వెలవెలబోతుంది. టేకు ఆకులు రాలిపోయి, గడ్డి ఎండి, చిన్న వాగులు అడుగంటుతాయి. సరిగ్గా అప్పుడే, ఒంటి మీద ఒక్క ఆకైనా లేని మోదుగ కొమ్మకొమ్మకూ కాషాయపు పూలు తొడుగుతుంది.

నీళ్ళు కరువైన వేళ ఈ పూత ఎందుకు? చెట్టులోని నీరు ఎక్కువగా ఆవిరయ్యేది ఆకుల నుంచే. వాటిని వదిలించుకున్న చెట్టుకు ఆ ఖర్చు తగ్గుతుంది. ఆకుల చాటు లేకపోవడంతో పూలు పిట్టలకు ఎంత దూరం నుంచైనా కనబడతాయి. మోదుగ పిలిచేది పిట్టలనే. పువ్వుకు వాసన లేదు, రంగే దాని పిలుపు. చిలుక ముక్కులా వంగిన రేకుల లోపల కేసరాలు దాగి ఉంటాయి. తేనె కోసం పిట్ట ముక్కు దూర్చి నొక్కితే అవి బయటపడి దాని ఒంటికి పుప్పొడి పూస్తాయి. గోరింకలు, పికిలిపిట్టలు కూడా వస్తాయి కానీ, వచ్చిన ప్రతి పిట్టా పరాగ సంపర్కం చెయ్యదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్రజ్ఞులు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఆ పనిని బాగా చేసేది ఊదారంగు తేనెపిట్ట అని తేలింది. ఉడత కూడా కొంత సాయం చేస్తుందట. అందరికీ తెలిసిన ఉడతకు ఇలాంటి పని ఉండటం నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన సంగతి.

అమెరికాలోని సొనోరా ఎడారిలో ఒకొటిల్లో అనే ముళ్ళపొద కూడా ఇదే దారి పట్టింది. వానల్లేని వసంతంలోనూ ఎర్రగా పూసి, వలసపోయే హమ్మింగ్ పక్షులకు తేనె అందిస్తుంది.

పూత ముగిశాక మోదుగకు పలుచని కాయలు కాస్తాయి. కాయకు ఒకటే గింజ, అదీ కొసన. గాలి వాటిని మోసుకుపోతుంది. చెట్టును నరికినా వేళ్ళ నుంచి పిలకలు లేస్తాయి. లక్క పురుగుకూ ఇది ఆశ్రయం. కొత్త ఆకులు వచ్చాక మనకు విస్తళ్ళు. ఇన్ని చేసే చెట్టును చేను గట్టున పనికిరానిదని కొట్టేయడం అన్యాయం.

హోలీ రంగు కోసం కొమ్మలు విరవకండి. చెట్టు కింద రాలిన పూలు ఏరుకుని ఉడకబెట్టినా రంగు దిగుతుంది. కొమ్మన ఉన్న పూలను పిట్టలకు వదిలేయండి.