మీ ఇంట్లో పీసీ విండోస్ 11కి పనికిరాదంటోందా? కొత్తది కొనేముందు ఇది చూడండి

ఈ రోజు ఫోన్ గురించి కాదు, హాల్లో మూలన టేబుల్ మీద గుడ్డ కప్పి ఉంటుంది చూడండి, ఆ కంప్యూటర్ గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామంది దాన్ని ముట్టుకుని నెలలు అయ్యుంటుంది. కానీ నాన్నగారు ఎల్ఐసీ ప్రీమియం కట్టేది దాంట్లోనే. అక్క పెళ్లి ఫోటోలు, మీ చిన్నప్పటి వీడియోలు ఉన్నది దాంట్లోనే. ఇప్పుడు అది ఆన్ చేస్తే విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది, విండోస్ 11కి మారండి అంటోంది. సరే మారదాం అని చూస్తే ఈ పీసీ విండోస్ 11కి సరిపోదు అంటోంది. అప్పుడు ఇంట్లో అందరూ మీ వైపు చూస్తారు. రోజంతా ఫోన్ పట్టుకుని ఉండేది మీరే కదా మరి!

షాపుకి పట్టుకెళ్తే "ఇది పాతదైపోయింది బాబూ, కొత్తది తీసుకోండి" అంటారు. ఆ మాట ప్రతిసారీ నిజం కాదు. చాలా పీసీల్లో అసలు సమస్య ఒక సెట్టింగ్ ఆఫ్‌లో ఉండటమే. అది ఎలా కనుక్కోవాలో చూద్దాం. దానికంటే ముఖ్యంగా, ఈ పనిలో ఫోటోలు ఎక్కడ పోతాయో కూడా చెప్తాను, ఎందుకంటే పీసీ మళ్లీ కొనుక్కోవచ్చు, అవి కొనుక్కోలేం.

ముందు ఈ "సపోర్ట్ అయిపోయింది" అంటే ఏంటి? విండోస్ 10 వచ్చింది 2015 జూలై 29న. మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది 2025 అక్టోబర్ 14న. ఆ రోజు నుంచి మీ కంప్యూటర్ ఆగిపోలేదు, ఆగిపోదు కూడా. రేపు ఎవరైనా అందులో కొత్త లోపం కనిపెడితే, దానికి ప్యాచ్ రాదు. అంతే. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది. 2017 మే 12 గుర్తుందా? వానాక్రై. ఫైల్స్ అన్నీ లాక్ చేసి బిట్‌కాయిన్ అడిగిన రాన్సమ్‌వేర్. నేనప్పుడు బీటెక్‌లో ఉన్నాను, క్లాసులో అందరూ అదే మాట. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్ ఇచ్చేసింది, వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఎక్స్‌పీ వాడేవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. దానికి సపోర్ట్ 2014లోనే అయిపోయింది కాబట్టి వాళ్లకి మార్చిలో మామూలుగా ప్యాచ్ రానే లేదు. దాడి మొదలయ్యాక ప్రత్యేకంగా ఇచ్చారు. ప్రతిసారీ అలా ఇస్తారని మనం కూర్చోలేం కదా. నాన్నగారు నెట్ బ్యాంకింగ్ చేసే మెషిన్ మీద అసలే కూర్చోలేం.

అలాగని ఈ రాత్రికి రాత్రే మార్చేయాలా అంటే, అక్కర్లేదు. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అని ఒకటి ఉంది. ఇంట్లో వాడే విండోస్ 10కి 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇచ్చే స్కీమ్. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ, అందులో విండోస్ అప్‌డేట్ పేజీలో ఎన్‌రోల్ అనే లింక్ ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయ్యి, సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బులు కట్టక్కర్లేదు. అది ఇష్టం లేకపోతే మైక్రోసాఫ్ట్ రివార్డ్స్‌లో 1000 పాయింట్లు వాడొచ్చు, లేదా 30 డాలర్లకు సమానమైన డబ్బు కట్టొచ్చు. ఒక్కటే షరతు, మీ విండోస్ 10 ఆఖరి వెర్షన్, అంటే 22హెచ్2 అయి ఉండాలి. తొందరపడి తప్పు చేయకుండా ఉండటానికి ఇది మంచి టైమ్ అన్నమాట. వాడుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి పీసీ హెల్త్ చెక్ అనే చిన్న యాప్ దించుకుని రన్ చేయండి. ఊరికే కుదరదు అని చెప్పదు, ఎక్కడ కుదరలేదో లైను లైనుగా చెప్తుంది. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ లాంటివి చాలా పీసీలు దాటేస్తాయి. ఆగిపోయేది మూడు చోట్ల. ప్రాసెసర్, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్. ఈ మూడూ ఒకటి కాదు. ప్రాసెసర్ దగ్గర ఆగితే సెట్టింగ్‌తో పని అవ్వదు. మిగతా రెండింటి దగ్గర ఆగితే మాత్రం చాలావరకు అవుతుంది.

ప్రాసెసర్ సంగతి పేరులోనే తెలుస్తుంది. ఇంటెల్ అయితే ఐ3, ఐ5 తర్వాత వచ్చే నంబర్ చూడండి. ఐ5 7200 అంటే ఏడో తరం. ఐ5 8250 అంటే ఎనిమిదో తరం. ఐ5 10210 అంటే పదో తరం, అక్కడ మొదటి రెండు అంకెలు చూడాలి. ఎనిమిది నుంచి పైకి ఉంటే దాదాపుగా ఓకే. ఏఎండీ రైజెన్ అయితే 2000 సిరీస్ నుంచి అంటారు గానీ, అందులో కొన్ని మోడల్స్ లిస్టులో లేవు, కాబట్టి హెల్త్ చెక్ చెప్పిందే ఫైనల్.

ప్రాసెసర్‌కి టిక్ పడి, టీపీఎం దగ్గర ఎర్ర గుర్తు వచ్చిందా? అయితే కంగారు పడకండి, ఇది మంచి వార్త. టీపీఎం అంటే తాళాలు దాచే చిన్న పెట్టె లాంటిది. హార్డ్ డిస్క్‌ని లాక్ చేసే కీ అందులో ఉంటుంది. ఎనిమిదో తరం ప్రాసెసర్లలో అది ప్రాసెసర్ సపోర్ట్‌తోనే వచ్చేస్తుంది, వేరే చిప్ కొనక్కర్లేదు. కానీ చాలా మదర్‌బోర్డులు, ముఖ్యంగా షాపులో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లు, దాన్ని ఆఫ్‌లో పెట్టి వచ్చాయి. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే బయోస్ వస్తుంది. అక్కడ ఇంటెల్ బోర్డులో పీటీటీ అని, ఏఎండీ బోర్డులో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది. టీపీఎం అనే పేరుతోనే వెతికితే కనపడదు, అందుకే చాలామంది మా దాంట్లో లేదు అనుకుంటారు. దాన్ని ఎనేబుల్ చేసి, సేవ్ చేసి, మళ్లీ హెల్త్ చెక్ రన్ చేయండి.

సెక్యూర్ బూట్ దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. విండోస్‌లో రన్ బాక్స్ తెరిచి ఎంఎస్ఇన్ఫో32 అని కొట్టండి, స్పెల్లింగ్ స్క్రీన్ మీద ఉంది. అందులో బయోస్ మోడ్ అనే లైన్ చూడండి. యూఈఎఫ్ఐ అని ఉంటే హాయిగా వెళ్లి సెక్యూర్ బూట్ ఆన్ చేసుకోవచ్చు. లెగసీ అని ఉంటే ఆగండి. మీ హార్డ్ డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉందన్నమాట. బయోస్‌లో నేరుగా యూఈఎఫ్ఐకి మార్చేస్తే విండోస్ బూట్ అవ్వదు, నల్ల స్క్రీన్ వస్తుంది. అలా వస్తే ఏడవక్కర్లేదు, సెట్టింగ్ వెనక్కి పెడితే మళ్లీ బూట్ అవుతుంది. సరైన దారి ఏంటంటే, ముందు డిస్క్‌ని జీపీటీకి మార్చాలి. దానికి విండోస్ 10లోనే ఎంబీఆర్‌2జీపీటీ అనే టూల్ ఉంది, డేటా పోకుండా మారుస్తుంది. ముందు వ్యాలిడేట్ చేసి, అది ఓకే అన్నాకే కన్వర్ట్ చేయండి. డేటా పోదు అన్నాను కదా అని బ్యాకప్ లేకుండా మాత్రం చేయకండి. మధ్యలో కరెంటు పోతే దానికి టూల్ బాధ్యత కాదు.

బ్యాకప్ గురించి ఒక్క మాట, కొంచెం గట్టిగా చెప్తాను. మన ఇళ్లల్లో ఒక నమ్మకం ఉంది. "ఫోటోలు డి డ్రైవ్‌లో పెట్టాను, సి డ్రైవ్ ఫార్మాట్ చేసినా ఏం కాదు" అని. ఎక్కువ ఇళ్లల్లో సి, డి రెండూ ఒకే హార్డ్ డిస్క్ మీద గీసిన గీతలు, అంతే. ఇన్‌స్టాల్ చేసేవాళ్లు పార్టిషన్లన్నీ డిలీట్ కొడితే రెండూ పోతాయి. హార్డ్ డిస్క్ పాడైతే రెండూ ఒకేసారి పోతాయి. కాబట్టి బయట ఇంకో హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. డెస్క్‌టాప్ మీద, డౌన్‌లోడ్స్‌లో, డాక్యుమెంట్స్‌లో ఉన్నవి మర్చిపోకండి, ఎందుకంటే పెద్దవాళ్లు అన్నీ డెస్క్‌టాప్ మీదే పెడతారు! కాపీ అయ్యాక దాన్ని తీసి, ఇంకో కంప్యూటర్‌కి పెట్టి, నాలుగు ఫోటోలు, ఒక వీడియో తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

దీనికి తోడుగా ఇంకొకటి చూడాలి, రికవరీ కీ. ఇందాక తాళాల పెట్టె అన్నాను కదా. మీ డిస్క్ ఇప్పటికే బిట్‌లాకర్‌తో గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్‌తో గానీ లాక్ అయి ఉంటే, బయోస్‌లో సెట్టింగులు మార్చగానే ఆ పెట్టెకి అనుమానం వస్తుంది. కీ ఇవ్వదు. నీలం స్క్రీన్ మీద 48 అంకెల నంబర్ అడుగుతుంది. ఆ నంబర్ లేకపోతే షాపువాడు కాదు, మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తెరవలేరు. ల్యాప్‌టాప్‌లలో ఇది ఓనర్‌కి తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. అందుకే బయోస్‌లోకి వెళ్లకముందే సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో చూసి, ఉంటే మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలోకి వెళ్లి ఆ 48 అంకెలు కాగితం మీద రాసుకోండి. అవును, కాగితం మీదే. అదే కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ ఫైల్‌గా దాచితే లాభం లేదు.

ఇక్కడే ఇంకో చిన్న మాట. విండోస్ 11 హోమ్‌ని కొత్తగా, అంటే అంతా తుడిచేసి ఇన్‌స్టాల్ చేస్తే మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడుగుతుంది. 24హెచ్2 వెర్షన్ నుంచి అలా సైన్ ఇన్ అయినప్పుడు చాలా పీసీల్లో ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది, కీ ఆ అకౌంట్‌లోకే వెళ్తుంది. పని తొందరగా అయిపోతుందని మీ మెయిల్ ఐడీ ఇచ్చేసి, తర్వాత మీరు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయారనుకోండి. ఇంట్లో ఒక రోజు ఆ నీలం స్క్రీన్ వస్తే నాన్నగారి దగ్గర ఏమీ ఉండదు. కంప్యూటర్ ఎవరు వాడతారో వాళ్ల అకౌంటే పెట్టండి. పాస్‌వర్డ్ కూడా వాళ్లకి గుర్తుండేలా పెట్టండి.

సరే, ప్రాసెసరే పాతదైతే? రూఫస్ లాంటి టూల్‌తో ఆ చెకింగ్‌ని దాటేసి ఇన్‌స్టాల్ చేయొచ్చు. నెట్‌లో వంద వీడియోలు ఉన్నాయి. పని చేస్తుంది కూడా. కానీ అలాంటి పీసీలకి అప్‌డేట్స్ వస్తాయనే హామీ లేదని మైక్రోసాఫ్ట్ చెప్పేసింది. మనం మారేదే అప్‌డేట్స్ కోసం, అవే గ్యారంటీ లేనప్పుడు ఎందుకు? మీరు ప్రయోగాలు చేసుకునే రెండో మెషిన్ అయితే చేసుకోండి. ఇంట్లో బ్యాంకింగ్ చేసే మెషిన్‌కి నేనైతే వద్దంటాను. కోర్ 2 డ్యుయో కాలం నాటివైతే 24హెచ్2 తర్వాత బూట్ కూడా అవ్వవు, వాటికి కావాల్సిన ఇన్‌స్ట్రక్షన్లే ఆ ప్రాసెసర్‌లో లేవు. అలాంటి వాటికి లినక్స్ మింట్ బాగుంటుంది. బ్రౌజర్, యూట్యూబ్, బిల్లులు కట్టడం వరకే అయితే పెద్దవాళ్లు కూడా అలవాటు పడతారు. ఇంకోటి, టెలిగ్రామ్‌లో విండోస్ 11 లైట్ అని తిరిగే ఫైల్స్ జోలికి వెళ్లకండి. అందులో ఏం కలిపారో మనకి తెలియదు. యాక్టివేట్ అయి ఉన్న ఒరిజినల్ విండోస్ 10 నుంచి 11కి మారడం ఉచితమే, క్రాక్ చేసింది ఎందుకు?

ఇంట్లో ఎవరైనా డీటీపీ చేస్తే ఇంకొంచెం ఆగండి. అను ఫాంట్లతో, పాత పేజ్‌మేకర్‌లో చేసిన ఫైల్స్ యూనికోడ్ కావు, ఆ ఫాంట్ లేకపోతే తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్, దాని డాంగిల్ కొత్త విండోస్‌లో నడుస్తాయో లేదో అమ్మినవాళ్లని అడిగాకే ముందుకెళ్లండి. విండోస్ 11లో 32 బిట్ ఎడిషనే లేదు. మీ విండోస్ 10 32 బిట్ అయితే పైన అప్‌గ్రేడ్ చేయడం కుదరదు, తుడిచేసి కొత్తగా వేయాల్సిందే. అబౌట్ పేజీలో సిస్టమ్ టైప్ దగ్గర కనిపిస్తుంది.

ఇవన్నీ అయ్యాక అసలు అప్‌గ్రేడ్ చాలా బోరింగ్ పని. విండోస్ అప్‌డేట్‌లో వస్తే అక్కడే, రాకపోతే మైక్రోసాఫ్ట్ సైట్‌లో ఇన్‌స్టాలేషన్ అసిస్టెంట్ తీసుకుని నొక్కడమే. ఫైల్స్, యాప్స్ అలాగే ఉంటాయి. డౌన్‌లోడ్ కొన్ని జీబీలు ఉంటుంది, రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్‌తో మొదలుపెట్టకండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉందో లేదో చూసుకోండి. పాత హార్డ్ డిస్క్ మీద విండోస్ 11 నత్తలా నడుస్తుంది, వీలుంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి. కొత్త పీసీ కొనే ఖర్చులో అది చిన్న ముక్కే.

మారాక మొదటి వారం ప్రింటర్, స్కానర్, బ్యాంక్ సైట్, నాన్నగారు వాడే ప్రతిదీ ఒకసారి ఆయనతోనే ఓపెన్ చేయించండి. ఏదైనా పని చేయకపోతే సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీలోకి వెళ్తే గో బ్యాక్ అని ఉంటుంది, విండోస్ 10కి తిరిగి వెళ్లొచ్చు. కానీ దానికి 10 రోజులే గడువు. ఈలోపు స్పేస్ కోసం అని పాత విండోస్ ఫోల్డర్ డిలీట్ చేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది. అందుకే నెలాఖరు బిల్లుల హడావిడిలో కాకుండా, ఆ పది రోజులూ మీరు ఇంట్లో ఉండే సెలవుల్లో మొదలుపెట్టండి. ప్రాసెసర్ దగ్గరే ఆగిపోయినవాళ్ల కోసం వచ్చే ఎపిసోడ్‌లో పాత ఐ3 మెషిన్ ఒకటి తీసుకుని, లినక్స్ మింట్ వేసి, తెలుగు టైపింగ్ సెట్ చేసి చూపిస్తాను.